ముడికి తగిన వెల

ఏలూరి ఉన్ని తివాచీ మూడున్నర శతాబ్దులకు పూర్వమే పరదేశీయుల మెప్పు పొందినది. నేడు దానిని నేయనేర్చినవాడే తన బిడ్డకు ఆ పని నేర్పుటకు వెనుదీయుచున్నాడు. ఇంచుమించు ఇట్టి స్థితికే జారిన ఉజ్బెకిస్థాను హస్తకళలు ఈ పాతికేండ్లలో తేరుకొన్న వృత్తాంతమును మన మగ్గము ప్రక్కన నిలిపి చూచుటయే ఈ వారపు ముఖచిత్ర కథనము.

కృష్ణా కాలువయు గోదావరి కాలువయు చెరియొక దిక్కునుండి వచ్చి కలిసికొను పట్టణము ఏలూరు. ఉత్తరమున ఒకప్పుడు వేంగి రాజ్యమునకు రాజధానియై వెలసిన పెదవేగి. దక్షిణమున పక్షులకు ఆటపట్టయిన కొల్లేరు. ఊరిని ఒరసికొని సాగి ఆ సరస్సులోనే లీనమగు తమ్మిలేరు. ఇట్లు నీటికిని వరిచేలకును నడుమ వెలసినదియు, చలి యనునది సంక్రాంతి దినములలో తొంగిచూచి మరలిపోవుటయే గాని కాలూని నిలువ నెరుగనిదియు నగు ఈ పల్లపు సీమలో, మంచు కురియు పీఠభూములవారు గుడారములలో పరచుకొను ఉన్ని తివాచీ వేరుపట్టినదన్న మాట మొదటిసారి వినువారికి వింత గొలుపక మానదు.

ఆ వింతకు సమాధానము గోలకొండ చరిత్రలో నున్నది. కుతుబ్‌షాహీ రాజ్యమును స్థాపించిన సుల్తాన్ కులీ పారశీకమందలి హమదాను ప్రాంతమునుండి వచ్చినవాడు. ఆతని వంశీయుల కొలువులో పారశీక భాషకును, పారశీకులకును గొప్ప మన్నన యుండెను. ఆ రాజ్యమునకు సముద్రద్వారమైన మచిలీపట్టణపు రేవునుండి పారశీక సింధుశాఖకు ఓడలు నడచుచుండగా, అదృష్టమును పరీక్షించుకొన దలచిన లేఖకులు, వైద్యులు, వర్తకులు ఆ దేశమునుండి ఈ తీరమున దిగుచుండిరి. మచిలీపట్టణమునకు హవల్దారుగా పనిచేసి, పిదప వజ్రపు గనులపై అధికారము సంపాదించి, దక్కను రాజకీయములనే తలక్రిందులు చేసిన మీర్ జుమ్లా సైతము అట్లు వచ్చినవాడే. వారితోపాటు నేతగాండ్రును వచ్చి, రేవునకు చేరువయై, మంచినీటికి కొదువలేని ఏలూరిలో మగ్గములు నాటుకొనిరి.

చెన్నపట్టణపు సెంట్ జార్జి కోటలో తూర్పు ఇండియా కంపెనీ పక్షమున అధికారము నెరపుచుండిన స్ట్రెయిన్‌షమ్ మాస్టరు 1679వ సంవత్సరమున ఈ దారిని పోవుచు ఏలూరు చూచి, ఈ దేశమందలి పెద్ద పట్టణములలో ఇది యొకటియనియు, పారశీకపు పద్ధతిలో మిక్కిలి మేలైన తివాచీలు ఇచ్చట నేయబడుచున్నవనియు, నేయువారు నూరేండ్లకు పూర్వమే వచ్చి స్థిరపడిన పారశీక సంతతివారనియు తన దినచర్యలో వ్రాసికొన్నాడు. ఆ లెక్కను బట్టి చూడగా, వారు ఇబ్రహీం కుతుబ్‌షా పాలించిన 1550–1580 నడుమ కాలముననో, ఆ ప్రాంతముననో ఇచ్చట దిగియుందురు. మాస్టరు మగ్గము పనిని సైతము నిలిచి చూచినాడు: మగ్గమునకు ఈవల బాలురు బారులు తీరి కూర్చుండి వ్రేళ్లతో ఉన్ని ముడులు వేయుచుండగా, ఆవల పెద్దవాడొకడు నిలిచి, కాగితముపై గీసిన నమూనాను అనుసరించి, ఎచ్చట ఏ రంగు పడవలయునో ఆజ్ఞాపించుచుండెనట. ఆ బాలుర మాటను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దానితో మనకు మరల పని యున్నది.

రేవు పేరు, మగ్గము పేరు

ఏలూరిలో నేసిన సరకు మచిలీపట్టణమున ఓడలకెక్కెను గనుక, ఐరోపా బజారులలో దానికి మచిలీపట్టణపు తివాచీ యనియే పేరు స్థిరపడినది. ఇది మన ఊరికి మాత్రమే సంభవించిన అన్యాయము కాదు. లోకమంతట బుఖారా తివాచీలని ప్రసిద్ధికెక్కిన ఎర్రని తివాచీలను నేసినవారు తుర్కుమాను తెగల స్త్రీలు; బుఖారా వానికి అంగడి మాత్రమే. అమ్మినచోటు పేరు పొందగా, నేసినచోటు మరుగున పడుట హస్తకళల వర్తకములో తరతరాల రివాజు. పేరు పోయినచోట బేరమాడు శక్తియు పోవును గనుక, ఈ రివాజు కేవలము కీర్తికి సంబంధించిన విషయమని త్రోసివేయ వీలులేదు.

దూరదేశములు మాత్రము వస్తువును గుర్తించినవి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్టణమున వర్తకస్థానములు నెలకొల్పిన పిదప, దక్కను తివాచీలు ఏయే తీరములకు చేరినవో చెప్పుటకు జపానులోని క్యోటో నగరమే సాక్షి. ఏటేట జూలై మాసమున జరుగు గియోన్ ఉత్సవములో రథములకు అలంకారముగా వ్రేలాడదీయు ప్రాచీన తివాచీలలో కొన్ని దక్కనులో నేసినవని డేనియల్ వాకర్ మున్నగు పండితులు నమూనాలను, నేతను పరీక్షించి నిర్ణయించినారు. వర్షము పడిన దినమున వానిపై కప్పు వేసి కాపాడుకొను ఆ పట్టణవాసుల శ్రద్ధలో నాలుగవ వంతు పుట్టినచోట కనబడియుండిన, ఈ కథనము వ్రాయవలసిన అవసరమే రాకపోవును.

నమూనాల పేర్లలోనే ఈ కళ మన నేలలో ఎట్లు కలిసిపోయినదో తెలియును. రామచంద్ర ఖాని, గోపాలరావు ఖాని, హాషిం ఖాని – ఇట్లు వ్యక్తుల పేర్లతో చెల్లుచు వచ్చిన నమూనాలు పారశీకపు పూలతీగెలకు తెలుగు గడపలు స్వాగతము పలికిన కాలమునకు సాక్ష్యములు. నేసినవారు ఉర్దూ మాటలాడుదురు, తెలుగు మాటలాడుదురు. కాలక్రమమున ఇతర కులములవారును ఆ పని నేర్చి, తంగెళ్లమూడి ప్రాంతము తివాచీ పనికి ఆలవాలమైనది. నాలుగు తరముల పిమ్మట ఏ కళయు పరాయిది కాజాలదు. తివాచీ ఏలూరికి వచ్చి నాలుగు శతాబ్దులు దాటినది.

రెండు లక్షల ఎనుబదివేల ముడులు

చేనేత చీరను ఎరిగినవారికి తివాచీ మగ్గము తెలియునని చెప్పుటకు వీలులేదు. చీర నేయు మగ్గమున పడుగు నేలకు సమాంతరముగా సాగియుండును. తివాచీ మగ్గమున అది గోడవలె నిట్టనిలువుగా నిలుచును. పైని ఒక దూలము, క్రింద ఒక దూలము, నడుమ బిగువుగా లాగిన నూలు పడుగు. దానికి ఎదురుగా బల్లపై కూర్చున్న నేతగాండ్రు. ప్రక్కప్రక్కనున్న రెండు పడుగు పోగులకు ఉన్ని దారమును చుట్టి, కొనలు ముందునకు లాగి, చాకుతో తటాలున కోయుటతో ఒక ముడి పూర్తియగును. అట్లు ఒక వరుస అంతయు ముడులు వేసిన పిమ్మట అడ్డముగా పేక దూర్చి, ఇనుప పండ్లుగల బరువైన పనిముట్టుతో దానిని దిగగొట్టి, మరల రెండవ వరుస ప్రారంభింతురు. నేత ముగిసిన పిదప పెరిగిన ఉన్ని కొనలను కత్తెరతో సమముగా కత్తిరించి, నీళ్లతో కడిగి, ఎండబెట్టి, నలుప్రక్కల సరిదిద్దుదురు.

ఇందలి శ్రమ ఎంతో గ్రహించుటకు ఒక చిన్న లెక్క చాలును. చదరపు అంగుళమునకు 36 ముడులు మాత్రమే పడు ఒక సామాన్యమైన తివాచీ, ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు గలదనుకొందము. దానిలో 7,776 చదరపు అంగుళములు, అనగా ఇంచుమించు 2,80,000 ముడులు. చేయి తిరిగిన నేతగాడు రోజునకు 6,000 ముడుల చొప్పున వేయగలిగినను, ఒక్కడే కూర్చున్నచో ఇంచుమించు 47 దినములు గడచును. ఉన్నికి రంగులు వేయుట, పడుగు పోయుట, కత్తిరింపు, కడుగుట ఈ లెక్కలోనికి రాలేదు. ముడుల సంఖ్య చదరపు అంగుళమునకు రెట్టింపైన దినములును రెట్టింపగును. యంత్రము ఇట్టి వస్తువును పోలినదానిని గంటలలో నేయును. అట్టి యంత్రపు సరకు ధరతో ఈ 47 దినములు పోటీపడవలెనని కోరుట, ఎడ్లబండిని రైలుతో పందెము కట్టించుటవంటిది.

ఈ పనిలో నమూనాను రంగుల పేర్లుగా పైకి చదువుచుండగా నేతగాండ్రు విని ముడులు వేయు పద్ధతి మన దేశమందలి తివాచీ మగ్గములలో చిరకాలమునుండి యున్నది. మాస్టరు చూచిన ఆవలి మనుష్యుడు చేయుచుండినది ఇదే. గళ్ల కాగితముపై గీసికొన్న నమూనాలు వచ్చిన పిదప చదువుట తగ్గినది గాని, కన్ను, చెవి, వ్రేలు ఒక్కమారుగా పనిచేయవలసిన ఆ శిక్షణ తగ్గలేదు.

కళను కూల్చినది చౌకతనము

హస్తకళలను యంత్రము చంపినదని చెప్పుకొనుట మనకు అలవాటు. ఏలూరి తివాచీ విషయమున ఆ మాట పూర్తిగా నిజము కాదు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున భారతదేశపు తివాచీలు చూచి ఐరోపావారు ముగ్ధులైరి. గిరాకీ ఒక్కమారుగా పెరిగినది. పెరిగిన గిరాకీయే ఈ కళకు మొదటి ముప్పయినది. ఎక్కువ సరకు, తక్కువ వెలకు, త్వరితముగా కావలెనని దిగుమతిదారులు ఒత్తిడి చేసిరి. అదే కాలమున ప్రభుత్వము కారాగారములలో ఖైదీలచేత తివాచీలు నేయించి అమ్మ నారంభించినది. కూలి లేని చేతులతో కూలి గల చేతులు పోటీపడవలసి వచ్చెను.

రంగుల విషయమున జరిగినదియు ఇట్టిదే. ఈ తీరమునకు రంగులు కొత్త కావు. 17వ శతాబ్దపు తొలినాళ్లలో మచిలీపట్టణమున కంపెనీ కొలువు చేసిన విలియం మెత్వోల్డు నిజాంపట్టణపు పరిసరమున దొరకు చిరువేరును, అది బట్టలకిచ్చు చెదరని ఎరుపును ప్రత్యేకించి వర్ణించినాడు. నీలిమందు, లక్క, దానిమ్మ తొక్క, కరక్కాయ – వీనితో కాచిన రంగులు తరములు గడచినకొలది కాంతి మృదువుగా మారునే గాని వెలవెలబోవు. 1856లో పెర్కిను కనుగొన్న కృత్రిమపు ఊదారంగుతో మొదలై, 1868లో కృత్రిమ మంజిష్ఠ, 1897 నాటికి కృత్రిమ నీలి అంగడికి వచ్చుసరికి, ఆ కాచు విద్యకు కాలము చెల్లినది. వీనిలో మొదటి తరపు రంగులు వెలుతురు తగిలిన యెడల వెలిసిపోవునవి; కాని చౌక, తొందర అను రెండు గుణములు వానికి ఉండుటచే ఎదురు లేకపోయెను.

సర్ జార్జి బర్డ్‌వుడ్ 1880లో భారతీయ పారిశ్రామిక కళలను గూర్చి ప్రకటించిన గ్రంథములో మచిలీపట్టణపు తివాచీ గతిని తలచి వాపోయినాడు. ఒకప్పుడు దేశమునకే తలమానికమైన సరకు, ఆంగ్ల వర్తకుల చౌకబేరమునకు లోబడి, నాసి ముడిసరకు వాడుటకును, నమూనాలోని సున్నితమైన అంచురేఖలను తీసివేయుటకును అలవాటుపడినదని ఆ కాలపు విమర్శకుల ఆరోపణ. 1908లో మద్రాసు ప్రభుత్వము ప్రకటించిన హెన్రీ హ్యారిస్ దక్షిణ భారత తివాచీ పరిశ్రమ గ్రంథమును ఈ క్షీణదశకు సాకల్యమైన పత్రముగా చదువుకొనవచ్చును. నేతగాడు నైపుణ్యమును కోల్పోలేదు. నైపుణ్యమునకు వెల ఇచ్చువాడు లేకపోయెను. ముడులు పలుచనగుట, రంగు తక్కువదగుట, అంచు అదృశ్యమగుట – ఇవి చేతి లోపములు గావు, కూలి లెక్కలు వస్త్రముపై పడిన ముద్రలు.

ఈ రోగము నేటికిని మారలేదు. నూలు గుడ్డపై యంత్రపు పిడితో ఉన్నిని గ్రుచ్చి, వెనుక జిగురు పూసి, ఆ జిగురును మరియొక గుడ్డతో కప్పిన తివాచీలు చేతిపని పేరుతోనే అమ్ముడగుచున్నవి. జనుముతోను, కృత్రిమ నారతోను చేసిన పరుపులు ఏలూరి పేరుతోనే బజారుకు పోవుచున్నవి. అవి తప్పుడు వస్తువులని అనుటకు వీలులేదు; వాని ఉపయోగము వానికి గలదు. రెంటికిని ఒకే పేరు పెట్టి, ఒకే వరుసలో పేర్చి అమ్ముటవలన ముడి వేసినవాని వెల జిగురు పూసినవాని వెలకు దిగజారుట మాత్రము తప్పు.

ఖీవా చూపిన త్రోవ

ఇక ఉజ్బెకిస్థానునకు పోదము. సోవియటు పాలనలో అచ్చటి గృహవృత్తులు సహకార కూటములలోనికిని, పిదప కర్మాగారములలోనికిని లాగబడినవి. పట్టుకు ప్రసిద్ధికెక్కిన మర్గిలానులో పెద్ద కర్మాగారములు లక్షల గజముల బట్ట నేసెను గాని, ఇంటిలో కూర్చుండి తన ఇచ్చవచ్చిన నమూనా నేసి అమ్ముకొను స్వేచ్ఛ కుటుంబ శిల్పికి లేకపోయెను. 1991లో దేశము స్వతంత్రమైన నాటికి కొన్ని విద్యలు ఒకరిద్దరు వృద్ధుల చేతులలో మాత్రము మిగిలియుండెను. 1997లో ప్రభుత్వము జానపద కళలకు, శిల్పులకు ఆసరాగా ప్రత్యేక శాసనము చేసి, పన్నులలో సడలింపులిచ్చి, గురుశిష్య పద్ధతికి గుర్తింపు కలిగించినది.

మర్గిలానులో పడుగును ముందుగానే ముడిచి రంగులలో ముంచి నేయు అత్లాసు, అద్రాసు బట్టలున్నవి. మన పోచంపల్లి, చీరాల నేతగాండ్రకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు. ఆ పద్ధతి వారి యింటి విద్యయే. ఈ బట్టల సంరక్షణకై 2007లో నెలకొన్న మర్గిలాను శిల్పాభివృద్ధి కేంద్రము, పాత శిల్పులచేత కొత్తవారికి నేర్పించి, మరచిన నమూనాలను తిరిగి నేయించి, 2017లో యునెస్కోవారి ఉత్తమ సంరక్షణ విధానముల పట్టికకెక్కినది. సమర్‌ఖందు సమీపమున కోనిగిల్ గ్రామమున మల్బెరి బెరడుతో కాగితము చేయు విద్యను నీటిచక్రముతో సహా పునరుద్ధరించిరి. రిష్తాను కుమ్మరులు ఎడారి మొక్కల బూడిదతో తయారగు నీలి పూతను మరల వాడుకలోనికి తెచ్చుకొన్నారు. 2019లో కోకందు నగరము అంతర్జాతీయ శిల్పుల ఉత్సవమునకు వేదికయైనది.

మనకు మిక్కిలి దగ్గరి బంధువు మాత్రము ఖీవా పట్టు తివాచీ కర్మశాల. 2001లో యునెస్కో సాయముతో ఒక పాత మదరసాలో ఇది ప్రారంభమైనది. ఆ సంస్థను నిలబెట్టినవారిలో ఒకడైన క్రిస్టొఫర్ అస్లాన్ అలెగ్జాండరు తన అనుభవములను 2010లో గ్రంథముగా ప్రకటించినాడు. తైమూరు వంశపు కాలమునాటి నమూనాలను నేయదలచిన వారికి ఎదురైన మొదటి చిక్కు, ఆ కాలపు తివాచీ ఒక్కటియైనను చెక్కుచెదరక లోకమున నిలువకపోవుట. నేయుటకు నమూనా ఎచ్చట? పదునైదవ శతాబ్దపు సూక్ష్మచిత్రములలో రాజుల పాదముల క్రింద చిత్రకారులు గీసిన తివాచీల బొమ్మలను పెద్దవి చేసి, గళ్లలోనికి దింపి, ముడులుగా మార్చినారు. ఖీవా గోడల పలకలనుండియు, చెక్కడపు తలుపులనుండియు మరికొన్ని నమూనాలు తీసికొన్నారు. కృత్రిమపు రంగులను విడిచి, మంజిష్ఠ, దానిమ్మ తొక్క, వాల్‌నట్ పొట్టు, నీలిమందు కాచి వాడినారు. చౌకగా నేయవలెనను ఆలోచనను మొదటనే మానుకొన్నారు. నగరమును చూడవచ్చిన యాత్రికుడు మగ్గము ముందు నిలిచి, ముడి వేయుచున్న స్త్రీని, కాగుచున్న రంగును కన్నులార చూచి, వెల ఎందుకంత యున్నదో స్వయముగా గ్రహించి కొనును. నడుమ దళారి లేకుండుటచే ఆ వెలలో పెద్దభాగము నేసినవారికే దక్కు అవకాశము కలిగినది.

దీనిని స్వర్ణయుగమని పొగడుట తగదు. బుఖారా, సమర్‌ఖందు బజారులలో యంత్రముతో కుట్టిన సుజానీ యను కుట్టుపని బట్టలు చేతికుట్టు పేరుతో అమ్ముచునేయున్నారు. యాత్రికులు రాని యేడు శిల్పికి కష్టకాలమే. అయినను ఒక విషయము తేలినది: కళకు ప్రాణము పోసినది తక్కువ వెల కాదు, వెలకు కారణము కొనువానికి కనబడుట.

మన ఇంటి అనుభవములు

ఇట్టి ప్రయత్నములు తెలుగునేలపై జరుగకపోలేదు. కలంకారీ అంతరించిపోవుచున్నదని గ్రహించిన కమలాదేవీ చట్టోపాధ్యాయ, అఖిల భారత హస్తకళల మండలి పక్షమున 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రమును ప్రారంభింపజేసినది. పాత పనివారే గురువులై, కొత్తవారికి భృతి ఇచ్చి నేర్పిన ఆ కేంద్రమునుండి వెలువడినవారే నేటి కలంకారీ కుటుంబములకు మూలపురుషులు. గురువునకు జీతము, శిష్యునికి భృతి – ఈ రెండు లేక ఏ కళయు తిరిగి లేవలేదు.

మన పొరుగున నరసాపురపు లేసు మరియొక పాఠము చెప్పును. మిషనరీల ఇండ్లలో మొదలై, గోదావరి పల్లెలలోని వేలకొలది స్త్రీల చేతులకు వ్యాపించిన ఈ కుట్టుపనిని జర్మను పరిశోధకురాలు మరియా మీస్ పరిశీలించి 1982లో గ్రంథము వెలువరించినది. లేసు ఎగుమతియై సంపద పెరుగుచుండగా, ఆ లేసు అల్లిన స్త్రీ తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణిగానే లెక్కింపబడి, కార్మికురాలన్న గుర్తింపునకైనను నోచుకొనలేదని ఆమె చూపినది. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు ముందు 2018లో ఓరుగల్లు జంపఖానాలకు లభించినది. ఇవి సంతోషింపదగిన వార్తలే. పేరునకు చట్టము కావలి కాచిన, నకిలీ సరకును ఎదుర్కొనుటకు ఆయుధ మొకటి దొరకును. ఆ పేరువలన వచ్చు అధిక లాభములో చేతికెంత వచ్చునన్న ప్రశ్న మాత్రము చట్టపు పత్రములో వ్రాయబడదు. దానిని మనమే అడుగవలెను.

ఎవరు నేర్చుకొందురు?

మాస్టరు చూచిన బాలుర సంగతి ఇప్పుడు జ్ఞాపకము చేసికొందము. చిన్నవ్రేళ్లు సన్నని ముడికి అనువైనవను నెపముతో తరతరములుగా పసివారిని మగ్గమునకు కట్టివేసిరి. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టము తివాచీ నేతను పిల్లలు చేయగూడని పనుల పట్టికలో చేర్చినది. 1994లో కైలాస్ సత్యార్థి ప్రభృతుల కృషితో, బాలలు నేయని తివాచీకి ముద్ర వేయు రగ్‌మార్క్ ఏర్పాటు వచ్చినది. ఇది ఎంతమాత్రము వెనుకకు పోగూడని న్యాయము. కాని దీని పర్యవసానమును కళాభిమానులు నిజాయితీగా ఒప్పుకొనవలెను: పూర్వము పసితనములో ఉచితముగా అబ్బిన నైపుణ్యమును ఇకపై వయసు వచ్చిన యువకునకు, యువతికి, కూలి ఇచ్చి నేర్పవలెను. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరింపక తప్పదు.

ఆ యువకుని ఎదుట నున్న దారులు చూడుడు. దక్షిణమునకు పోయిన కొల్లేటి పరిసరపు చేపల చెరువులు. తూర్పునకు పోయిన తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల టోకు మార్కెటు. రెంటను పని కష్టమైనదే, అయినను పొద్దుగుంకు వేళకు కూలి చేతబడును. తివాచీ మగ్గముపై నెలన్నర గడచినగాని వస్తువు పూర్తికాదు, అమ్ముడైనగాని లెక్క తేలదు. ఉన్ని దారము ఉత్తరాదినుండి తెప్పించుకొనవలెను. దాని ధర పెరిగిన యెడల ఆ బరువు కూలిపైననే పడును. ఇట్టి పరిస్థితిలో మగ్గము విడిచిన యువకుని సంప్రదాయ ద్రోహియని నిందించుట అవివేకము; ఆతడు లెక్క తెలిసినవాడు.

తొందరపాటు లాభమునకు మూల్యమెట్లుండునో కొల్లేటి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. సరస్సు గర్భమున చెరువుల గట్లు లేచిన కాలమున 1999లో అభయారణ్యముగా ప్రకటన, 2002లో రామ్‌సర్ పట్టికలో స్థానము, 2006లో గట్ల ధ్వంసము – ఈ వరుస అంతయు ఒక నిధిని పోగొట్టుకొనిన పిమ్మట తిరిగి రాబట్టుకొనుట ఎంత దుస్సాధ్యమో తెలుపును. ఆ సరస్సే ఇప్పుడు తివాచీకి తోడ్పడగలదు. శీతకాలమున ఆటపాక వద్ద పక్షులను చూడవచ్చువారును, సంవత్సరము పొడవునను ద్వారకా తిరుమల చినవెంకన్నను సేవింపవచ్చువారును మన జిల్లాకు దొరికిన ఖీవా యాత్రికులు. ఆ రెండుచోట్లను ఒక్కొక్క మగ్గమును, ఒక్కొక్క రంగుల కాగును నిలిపి, ప్రక్కనే అంగడి తెరచినచో, దళారి లేని విక్రయమునకు పునాది పడును. తాడేపల్లిగూడెమున 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి విద్యాలయముల ప్రయోగశాలలు సహజపు రంగుల గట్టిదనమును పరీక్షించి ధ్రువపత్రమిచ్చుట కష్టసాధ్యము కాదు. పాత నమూనాలకై ఖీవావారు సూక్ష్మచిత్రములను వెదకవలసి వచ్చెను. మనకు అంత ప్రయాస అక్కరలేదు. హ్యారిస్ గ్రంథము, ప్రదర్శనశాలలలోని తివాచీలు, వృద్ధ నేతగాండ్ర జ్ఞాపకశక్తి మనకు ఇంకను మిగిలియున్నవి.

కొనువారు చూడవలసినవి

తివాచీని వెనుకకు త్రిప్పి చూడుడు. చేతిముడి తివాచీ అయినచో, ముందున్న నమూనాయే వెనుకను స్పష్టముగా కనబడును. వరుసలలో స్వల్పమైన హెచ్చుతగ్గులు ఉండును.

వెనుక గుడ్డ అతికించియుండి, నమూనా కనబడకున్నచో, అది గ్రుచ్చి జిగురు పూసిన తివాచీ.

కొనలనున్న కుచ్చు పడుగు పోగుల కొనసాగింపుగా ఉండవలెను. విడిగా కుట్టిన కుచ్చు అనుమానింపదగినది.

ముందువైపు ఉన్నిని వ్రేళ్లతో విడదీసి చూచినచో, మొదలున ముడి కనబడవలెను.

తడిపిన తెల్లగుడ్డతో మూలను రుద్దినప్పుడు రంగు అంటినచో, అద్దకము సరిగా కుదరలేదని గ్రహింపవలెను.

చీటీ మీద దినములు

నా మనవి ఒక్కటి. ఏలూరి చేతిముడి తివాచీ ప్రతిదానికిని ఒక చీటీ కట్టవలెను. దానిపై చదరపు అంగుళమునకు ఎన్ని ముడులు, ఎందరి చేతులు, ఎన్ని దినములు, ఉన్ని ఎచ్చటిది, రంగు సహజమో కృత్రిమమో, నేసినవారికి ముట్టిన కూలి ఎంతయో వ్రాయవలెను. ఈ వివరములు తెలిసిన పిమ్మట గూడ ఎవరైన బేరమాడిన ఆడవచ్చును. కాని ఆ బేరము ఎవరి దినములపైన సాగుచున్నదో తెలిసి ఆడుదురు. 1851 తరువాతి కొనుగోలుదారునికి ఆ తెలివి లేకపోవుటచేతనే అతని మెప్పు మన మగ్గమునకు శాపమైనది.

చీటీ కట్టుటకు వెనుకాడు అంగడిని విడిచిపెట్టుట కొనువారు చేయగల పని. చీటీ కట్టిన సరకునకు కార్యాలయముల, అతిథిగృహముల, ప్రభుత్వ భవనముల కొనుగోళ్లలో మొదటి స్థానమిచ్చుట ప్రభుత్వము చేయగల పని. పాత పనివారిని గురువులుగా నియమించి, నేర్చుకొనవచ్చిన వారికి మార్కెటులో దొరకు కూలికి తగ్గని భృతి యిచ్చుట వీరిద్దరును కలిసి చేయదగిన పని. ఈ మూడును సమకూడిననాడు ఏలూరిలో తివాచీ నేర్చువారు దొరకుటలేదని ఎవరును వాపోవ నక్కరలేదు. లెక్క తెలిసిన ఆ యువకుడే లెక్క చూచుకొని మగ్గమెక్కును.